వెంట వచ్చి నోరు తెరవని ట్రౌట్: జలగ ఫ్లై మీద ఒక కేస్ స్టడీ

వసంతం చివర, నిలిచిన నీటి సరస్సు. నీటి పైపొర 13 డిగ్రీల సెల్సియస్. రెయిన్‌బో ట్రౌట్‌కి ఇది చాలా హాయైన వేడి. చేపలున్నాయి, తింటున్నాయి కూడా. జలగ ఫ్లై, అంటే జలగలా కనబడేలా హుక్‌కి ఈకలు, బొచ్చు కట్టి చేసిన ఎర, వేసి లాగితే పడవ దాకా వెంటే వస్తున్నాయి. తీరా దగ్గరికొచ్చాక పక్కకి తిరిగి లోతులోకి వెళ్ళిపోతున్నాయి. అప్పుడప్పుడు ఫ్లై తోక కొసన చిన్న గిల్లుడు తగులుతోంది, అంతకు మించి ఏమీ లేదు.

పడవలో నాతో ఉన్నవాడు నాకన్నా చిన్నవాడు. పారే నీళ్లలో ఫ్లై వేయడంలో చేయి తిరిగినవాడు. అతని రాడ్‌కి కట్టింది 6వ సైజు హుక్ (అంకె పెరిగేకొద్దీ హుక్ చిన్నది) మీద బరువైన పూస తలతో, 7 సెంటీమీటర్ల మారబూ ఈక తోకతో ఉన్న నల్లటి ఫ్లై. ఫ్లోటింగ్ లైన్ (నీటి మీద తేలే దారం) మీద ఒక్కో లాగుకీ 30 సెంటీమీటర్ల చొప్పున చకచకా లాగుతున్నాడు.

"అన్నా, వెనకే వస్తోంది, నోరు మాత్రం తెరవట్లేదు. రంగు మార్చనా?"

"రంగు సంగతి తర్వాత చూద్దాం. ముందు నీ ఫ్లై పడవ పక్కనే నీళ్లలో వదులు. లాగి ఆపు. ఆపినప్పుడు ఎలా ఉంటుందో చూడు."

లాగినప్పుడు ఫ్లై ముందుకి దూసుకొచ్చింది. ఆపగానే పూస బరువుకి తల కిందకి పడి, తోక ఆకాశం వైపు లేచింది. మళ్ళీ లాగితే తల పైకి, ఆపితే తల కిందకి. వెనక చేప ఉన్నప్పుడూ ఇదే జరుగుతోంది. పట్టుకోవడానికి చేప దగ్గరకు వచ్చే క్షణానికి, దాని ముందు తలకిందులుగా దిగిపోతున్న ఒక వస్తువు ఉంటోంది. ఈ కేస్‌లో నా అనుమానం మొదట అక్కడే పడింది.

అసలు జలగ ఏం చేస్తుంది

ఒడ్డు దగ్గర ఒక రాయి తిప్పితే రెండు జలగలు దొరికాయి. పారదర్శకమైన డబ్బాలో సరస్సు నీళ్లు పోసి వాటిని అందులో వేశాం. జలగ ఫ్లై కట్టాలనుకునే ఎవరైనా ఒక్కసారైనా ఈ పని చేయాలని గట్టిగా చెబుతాను. కట్టిన ఫ్లైల ఫోటోలు ఎన్ని చూసినా ఇది తెలియదు.

రాయికి అంటుకుని ఉన్నప్పుడు అది రెండున్నర సెంటీమీటర్ల ముద్ద. ఈత మొదలుపెట్టగానే సాగి ఆరు సెంటీమీటర్ల దాకా వచ్చింది. ఒళ్ళు పై నుంచి కిందకి నొక్కినట్టు పలచబడి రిబ్బన్‌లా అయింది. చేప ఒంటిని కుడి ఎడమలకు ఆడిస్తూ ఈదుతుంది. జలగ అలా కాదు, పైకీ కిందకీ అల వేస్తుంది. ఆ అల తల దగ్గర పుట్టి తోక వరకు నడుస్తుంది. కానీ మొత్తం శరీరం మాత్రం దాదాపు అడ్డంగానే, నీటి మట్టానికి సమాంతరంగానే ఉంటుంది. వేగం కూడా తక్కువే. కాసేపు ఈది, ఆగి, మెల్లగా కిందకి దిగి, దేనికో ఒకదానికి అంటుకుంటుంది. తలకిందులుగా దూసుకుపోవడం ఆ డబ్బాలో ఒక్కసారి కూడా కనబడలేదు.

ఇంకో విషయం. ట్రౌట్ సరస్సుల్లో ఉండే జలగల్లో చాలా రకాలు రక్తం తాగేవి కావు. కొన్ని నత్తల్ని తింటాయి, కొన్ని చిన్న పురుగుల్ని మొత్తంగా మింగేస్తాయి. వీటికి వెలుతురు గిట్టదు. పగలు రాళ్ళ కింద, నాచు మధ్య, కుళ్ళిన కొమ్మల కింద దాక్కుంటాయి. పొద్దు వాలాక, రాత్రి, బాగా మబ్బు పట్టినప్పుడు బయటికొచ్చి తిరుగుతాయి. గాలికి లేచిన అలలు లోతు తక్కువ చోట నాచుని కదిపినప్పుడు కొన్ని పట్టు వదిలి కొట్టుకుపోతాయి కూడా. కాబట్టి ట్రౌట్‌కి జలగ రోజువారీ భోజనం కాదు. దొరికినప్పుడు వదలని మాంసం ముక్క. ఈ తేడా ఫ్లై వేసే పద్ధతిని నేరుగా నిర్ణయిస్తుంది. వందల్లో పైకి లేచే కైరనామిడ్ ప్యూపాల (దోమని పోలిన చిన్న పురుగులు, రెక్కలు రాకముందు దశలో) మీద చేప కన్ను అప్పటికే కుదిరి ఉంటుంది. జలగ మాత్రం ఎప్పుడో ఒకటి ఎదురవుతుంది. అది చేప కంటపడాలి, ఇది తిండే అని చేప నిర్ధారించుకునేంతసేపు అక్కడే ఉండాలి.

ఆ పొద్దున పట్టిన ఒక పెద్ద చేప గొంతు నుంచి పంపుతో కొంచెం తీసి చూశాం. ఎక్కువ భాగం కైరనామిడ్ ప్యూపాలు, రొయ్య జాతి చిన్న పురుగులు. వాటి మధ్య రెండు జలగలు, సాగదీసినా మూడు సెంటీమీటర్లు దాటనివి. మనం కట్టే ఫ్లైలు సాధారణంగా వీటికి రెట్టింపు ఉంటాయి. పంపు సంగతి చెప్పాను కాబట్టి ఒక మాట: దాన్ని పెద్ద చేపల మీదే వాడాలి, చేప నీళ్లలో ఉండగానే వాడాలి, గొంతు దాటి లోపలికి పోనివ్వకూడదు. చేతకాకపోతే వాడకపోవడమే మంచిది. చేప ప్రాణం కన్నా మనకు దొరికే సమాచారం విలువైంది కాదు.

అనుమానాలు, వాటిని విడదీయడం

చేప తిరస్కరించడానికి ఐదు కారణాలు ఎదురుగా ఉన్నాయి. పరిమాణం, వేగం, లోతు, రంగు, నీళ్లలో ఫ్లై నిలిచే తీరు. అన్నీ ఒకేసారి మారిస్తే చేపలు పడొచ్చు కానీ ఎందుకు పడ్డాయో తెలియదు. అందుకే ఒక్కొక్కటిగా మార్చాం. చాలా చోట్ల మనిషికి ఒకే రాడ్ అనే నియమం ఉంటుంది కాబట్టి ఇద్దరం చెరొక పద్ధతి పట్టుకున్నాం. పడవకి ముందూ వెనకా రెండు లంగర్లు వేశాం. ఒక్క లంగరుతో పడవ గాలికి ఊగుతుంది, లైన్‌ని కూడా లాక్కెళ్తుంది. అప్పుడు ఫ్లై ఏం చేస్తోందో ఎవరూ చెప్పలేరు.

ముందు పరిమాణం. తోకని పొట్టిగా గిల్లేసి అదే లాగుడు లాగితే తోక గిల్లుళ్ళు తగ్గాయి, వెంట రావడాలు అలాగే ఉన్నాయి. కొసన కొరకడానికి తోక లేదు, అంతే. నోరు తెరవకపోవడం మారలేదు.

తర్వాత వేగం. లైన్‌ని వేళ్ళ మధ్య మెల్లగా చుట్టుకుంటూ, కొద్దికొద్దిగా ముందుకి రప్పించాం. ఇక్కడ పూస తల ఫ్లైతో ఒక చిక్కుంది. మెల్లగా లాగితే అది మునిగిపోయి నాచులో ఇరుక్కుంటుంది. బరువైన ఫ్లై వేగంగా లాగడానికి పనికొస్తుంది, కానీ ఆ వేగం జలగది కాదు. దీంతో వేగం, లోతు రెండూ ఒకదానికొకటి ముడిపడ్డాయని అర్థమైంది. వాటిని విడదీయాలంటే ఫ్లైని ఒక లోతులో వేలాడదీయాలి. అంటే ఇండికేటర్ కావాలి, మామూలు గాలం వేసేవాళ్ళ భాషలో బెండు.

లోతు కొలిచే పద్ధతి తేలిక. ఫ్లైకి చిన్న పట్టకారు తగిలించి పడవ పక్కన నేరుగా దించాలి. అడుగు తాకి లైన్ వదులైన చోట ఆపి, నీటి మట్టానికి 40 సెంటీమీటర్ల కింద లీడర్ (లైన్ చివర కట్టే సన్నటి దారం) మీద ఇండికేటర్ బిగించాలి. పట్టకారు తీసేసి వేస్తే ఫ్లై అడుగుకి సరిగ్గా 40 సెంటీమీటర్ల పైన వేలాడుతుంది. నాచు నేలంతా పరుచుకుని ఉంటే ఆ నాచు పై అంచునే అడుగు అనుకోవాలి. అడుగు వెంట తిరిగే ట్రౌట్ తన కన్నా కొంచెం పైనున్నదాన్ని బాగా చూస్తుంది, కిందున్నదాన్ని అంతగా పట్టించుకోదు. చేప లాగగానే సడలిపోయి లైన్ మీద జారే రకం ఇండికేటర్ అయితే రాడ్ కన్నా పొడవైన లీడర్ వాడినా చేపను వలలోకి తేవచ్చు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఒకే లోతు, ఒకే రంగు, ఒకే పరిమాణం, ఒకే ఇండికేటర్. నా రాడ్ మీద మామూలు పూస తల జలగ. దాని కన్ను, అంటే దారం కట్టే రంధ్రం, హుక్ ముందు కొసనే ఉంటుంది కాబట్టి ఇండికేటర్ కింద అది నిలువుగా వేలాడుతుంది, తల పైకి, తోక కిందకి. అతని రాడ్ మీద అడ్డంగా నిలిచేలా తూకం కుదిర్చిన జలగ. కాసేపయ్యాక రాడ్‌లు మార్చుకున్నాం, పడవలో చోట్లు కూడా మార్చుకున్నాం. లేకపోతే ఇది చేయి మహిమ అనో, పడవకి ఆ పక్కనే చేపలున్నాయనో అనుకునే వీలుంటుంది.

తేడా స్పష్టంగా కనబడింది. నిలువుగా వేలాడే ఫ్లైకి కూడా చేపలు పడ్డాయి, కానీ అరుదుగా. ఇండికేటర్ వణికి ఆగిపోవడం ఎక్కువ. అడ్డంగా నిలిచినదానికి ఇండికేటర్ ఒక్కసారిగా మాయమైంది. హుక్ దాదాపు ప్రతిసారీ పైదవడ మూలలో దిగింది. తోక గిల్లుళ్ళు లేవు. ఇది ఒక్క సరస్సులో, ఒక్క కాలంలో చూసిన ఫలితం. కానీ మిగతా నాలుగూ సమానంగా ఉంచి ఐదోదాన్ని మాత్రమే మార్చాం కాబట్టి నాకు దాని మీద నమ్మకం ఉంది.

తూకం జలగ కట్టే తీరు

ఈ ఫ్లై నా సొంత కల్పన కాదు. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన జెర్రీ మెక్‌బ్రైడ్ దీనికి ఆద్యుడు. కెనడాకి చెందిన ఫిల్ రౌలీ దీన్ని నలుగురిలోకి తీసుకెళ్ళారు. 1967లో పెన్సిల్వేనియాలో రసెల్ బ్లెస్సింగ్ కట్టిన వూలీ బగ్గర్ ఇప్పటికీ గొప్ప ఫ్లైనే, లాగి పట్టడానికి దాన్ని మించినవి తక్కువ. కానీ అది కదలిక మీద బతికే ఫ్లై. కదలకుండా నిలబెట్టడానికి వేరే నిర్మాణం కావాలి.

కన్ను 90 డిగ్రీలు పైకి వంగిన జిగ్ హుక్, 10వ సైజు తీసుకోండి. ముల్లు వెనక గోరుని (చేప జారిపోకుండా పట్టే చిన్న కొక్కేన్ని) పట్టకారుతో నొక్కేయండి. సన్నటి గుండుసూదికి 3.2 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ పూస ఎక్కించండి. పూస రంధ్రం లోంచి సూది గుండు జారిపోకూడదు, అది ముందే చూసుకోవాలి. సూదిని హుక్ కాడ మీద పడుకోబెట్టి, పూస కన్ను దాటి ముందుకి వచ్చేలా దారంతో గట్టిగా చుట్టి, ఒక చుక్క సూపర్ గ్లూ వేయాలి. పూసకీ కన్నుకీ మధ్య సుమారు ఒక పూసంత దూరం ఉంటే మొదలుపెట్టడానికి సరిపోతుంది.

ఇది తక్కెడ సూత్రమే. ఫ్లై కన్ను దగ్గర వేలాడుతుంది. ముందు పూస, వెనక హుక్ వంపు. పూసని ఒక్క మిల్లీమీటరు ముందుకి జరిపినా తల వాలుతుంది. టంగ్‌స్టన్ కాకుండా ఇత్తడి పూస వాడితే అదే పరిమాణంలో బరువు సగం కూడా ఉండదు. అప్పుడు సూదిని చాలా పొడవుగా బయటికి తీయాల్సి వస్తుంది, ఫ్లై చూడటానికి వికారంగా తయారవుతుంది. అందుకే ఇక్కడ టంగ్‌స్టన్ ఖర్చుకి వెనకాడకూడదు.

సూది బిగించాక, ఈకలేవీ కట్టకముందు, కన్నులోకి దారం ఎక్కించి వేలాడదీసి చూడండి. ఈ దశలో తల కొంచెం కిందకే ఉండాలి. తర్వాత కట్టేదంతా కన్ను వెనకే కాబట్టి అది సర్దుకుంటుంది.

తోకకి మారబూ, పొడవు హుక్ కాడంత. కత్తెరతో కత్తిరించొద్దు, గోటితో గిల్లండి. కత్తిరించిన తోక చీపురులా మొద్దుగా ఉంటుంది, గిల్లినది కొస దగ్గర సన్నబడుతుంది. రెండు పక్కలా ఒక్కో మెరుపు పోగు చాలు. ఒంటికి పొడవాటి బొచ్చు కలిసిన డబ్బింగ్ (దారంతో కలిపి చుట్టే బొచ్చు) కావాలి. సీల్ బొచ్చుకి బదులుగా వచ్చేవి, మొహేర్ లాంటివి బాగుంటాయి. దారాన్ని మెలిపెట్టే లూప్‌లో డబ్బింగ్‌ని పలచగా పరిచి, తిప్పి, ప్రతి చుట్టుకీ పోగుల్ని వెనక్కి దువ్వుతూ ముందుకి రండి. కన్నుకి ముందు, పూస దాకా కూడా చుట్టాలి. చాలామంది కన్ను దగ్గరే ఆపేస్తారు, అప్పుడు పూస విడిగా కనబడుతుంది. చివరికి వెల్క్రో ముక్కలో గరుకు వైపుతో గట్టిగా దువ్వండి. ఒంట్లోంచి వెలుతురు దూరాలి. బిగుతుగా, నున్నగా కట్టిన ఒళ్ళు చేతిలో అందంగా ఉంటుంది కానీ నీళ్లలో చచ్చిన పుల్లే.

రంగు విషయంలో నల్లటి బొచ్చులో కొంచెం ముదురు ఎరుపు కలిపినది, ఆలివ్, గోధుమ కలిపినది, ఈ రెండూ నా పెట్టెలో ఎప్పుడూ ఉంటాయి. నిజం జలగలు ఒకే రంగులో ఉండవు, మచ్చలుంటాయి, కడుపు లేతగా ఉంటుంది. కాబట్టి కలగలుపు రంగే మంచిది.

కట్టడం అయ్యాక తూకం మళ్ళీ చూడాలి, అదీ గ్లాసు నీళ్లలోనే. గాలిలో చూస్తే తడిసిన తోక పీల్చుకున్న నీటి బరువుకి వెనక్కి వాలుతుంది. నీళ్లలో ఆ నీటికి బరువు లెక్కలోకి రాదు. ఫ్లైని తడిపి, పిండి, గాలి బుడగలు పోయాకే వేలాడదీయండి. పొడి ఫ్లై బుడగల వల్ల అబద్ధం చెబుతుంది.

ముడి కూడా తూకంలో భాగమే. బిగుసుకునే ముడి వేస్తే అది కన్నులో ముందుకో వెనక్కో జారి, ఫ్లైని ఆ కోణంలోనే బిగబట్టేస్తుంది. జారని చిన్న లూప్ ముడి వేస్తే ఫ్లై స్వేచ్ఛగా ఊగుతుంది. ఇండికేటర్ చిన్న అల మీద లేచి పడినప్పుడల్లా తల కొంచెం లేచి, కొంచెం దిగుతుంది. జలగ వేసే పైకీ కిందకీ అలకి అంతకన్నా దగ్గరగా వచ్చేది నేను చూడలేదు. టిప్పెట్‌కి, అంటే ఫ్లైకి ముడి వేసే చివరి సన్నటి దారానికి, 3ఎక్స్ లేదా 4ఎక్స్ మందం ఫ్లోరోకార్బన్ వాడతాను. నీటికన్నా బరువు కాబట్టి ఫ్లైతో పాటే దిగుతుంది.

గాలి, ఎండ, లోతు అంచు

సన్నటి అల ఉన్నంతసేపు పని దానంతటదే జరిగింది. గాలి పడిపోయి నీళ్లు అద్దంలా అయ్యాక ఫ్లై చచ్చుబడింది. అప్పుడు ఐదు సెంటీమీటర్ల చిన్న లాగు, తర్వాత ఓపిగ్గా ఆగడం. చేప పట్టేది దాదాపు ఎప్పుడూ ఆ ఆగినప్పుడే. నా మిత్రుడికి ఆగడం కష్టమైంది, నదిలో అలవాటైన చెయ్యి ఊరుకోదు. "లాగకు, దాన్ని చూడనివ్వు" అని చెబుతూ కూర్చున్నాను. మరోవైపు గాలి మరీ పెరిగితే ఇండికేటర్ ఎగిరెగిరి పడుతుంది. ఆ గంతులు ఏ జలగా వేయదు. అలాంటప్పుడు ఇండికేటర్ పక్కన పెట్టేయడమే.

ఇండికేటర్ ఎప్పుడూ మునగాలని లేదు. పక్కకి జరిగినా, వాలినా, అల లయకి తప్పినా రాడ్ ఎత్తాలి. చేప ఫ్లైని నోట్లో పెట్టుకుని పైకి వచ్చినప్పుడు ఇండికేటర్ కింద బరువు తప్పి పక్కకి పడుకుంటుంది. ఆ ఒక్క సంకేతం తెలియక చాలామంది మంచి చేపల్ని పోగొట్టుకుంటారు.

ఎండ ఎక్కాక మూడు మీటర్ల లోతున్న నాచు మెరక మీద చేపలు పడటం ఆగిపోయింది. అవి పోయింది దూరమేమీ కాదు, మెరక దిగి లోతు మొదలయ్యే అంచుకి. అక్కడ ఇంటర్మీడియట్ లైన్ తీశాం. సెకనుకి సుమారు నాలుగు సెంటీమీటర్లు మునిగే లైన్ అది. రెండు మీటర్ల లోతుకి దించాలంటే 50 లెక్కపెట్టాలి. నాచు తగిలితే తర్వాతి సారి ఐదు తగ్గించాలి, తగలకపోతే ఐదు పెంచాలి.

ఈ లైన్ మీద తూకం జలగ అక్కర్లేదు. ఇది మిత్రుడు కనిపెట్టిన విషయం, నాకు చాలా నచ్చింది. అతను పూస అసలు లేని, బరువు చుట్టని జలగని కట్టాడు. లైన్ తానే మునిగి ముందుండి లాగుతుంటే, బరువులేని ఫ్లై దాని వెనక తల వాలకుండా అడ్డంగా వస్తుంది. ఇండికేటర్ కింద పూసతో సాధించిన నిలకడనే ఇక్కడ పూస తీసేసి సాధించినట్టు. ఈ ఫ్లైకి మారబూ కన్నా సన్నటి ఉడుత చర్మపు పట్టీ బాగా పనిచేసింది. పట్టీని కాడ మీద బల్లపరుపుగా కడితే ఆ చర్మం పక్కలకి వంగలేదు, పైకీ కిందకీ మాత్రమే వంగుతుంది. కుందేలు పట్టీ కూడా అంతే, కానీ చిన్న హుక్‌కి అది మందం, తడిస్తే విసరడానికి బరువు, పైగా హుక్ వంపుకి చుట్టుకుంటుంది.

మునిగే లైన్ మీద రాడ్ కొసని నీళ్లలోనే ఉంచి, చేప తగలగానే రాడ్ ఎత్తకుండా లైన్‌నే పొడవుగా లాగాలి. రాడ్ ఎత్తితే ఫ్లై పైకి పోతుంది. లైన్ లాగితే తప్పిపోయినా ఫ్లై చేప ముందే ఉంటుంది, అది మళ్ళీ పడుతుంది. ఆ మధ్యాహ్నం రెండో కాటుకి దిగిన చేపలు కొన్ని ఉన్నాయి.

సాయంత్రం వెలుతురు తగ్గాక చేపలు తిరిగి మెరక మీదకి, మనిషి నడుము లోతు నీళ్లలోకి కూడా వచ్చాయి. జలగలు బయటికొచ్చే వేళ కూడా అదే. అక్కడ ఫ్లోటింగ్ లైన్, పూస లేని అదే ఫ్లై, చాలా నెమ్మదైన చుట్టుడు. ఇండికేటర్ నీటి మీద పడే చప్పుడు ఆ లోతులో చేపని బెదరగొడుతుంది.

తర్వాతి కాలాలకి

వేసవిలో ఇదే సరస్సులో పైపొర 20 డిగ్రీలు దాటితే నేను రాడ్ తీయను. వెచ్చటి నీళ్లలో పోరాడిన ట్రౌట్‌ని ఎంత జాగ్రత్తగా వదిలినా బతుకుతుందన్న భరోసా లేదు. శరదృతువులో నీళ్లు చల్లబడి పై పొర, కింది పొర కలిసిపోయాక చేపలు ఏ లోతులోనైనా ఉండొచ్చు. అప్పుడు ఒడ్డు నుంచి మొదలుపెట్టి అంచు దాకా అడుగడుగునా లోతు కొలుస్తూ వెళ్ళాలి. నీళ్లు బాగా చల్లబడ్డాక జలగలు బురదలోకి దిగిపోతాయి, కానీ ట్రౌట్ వాటిని మర్చిపోదు. ఆ రోజుల్లో 12వ సైజు తూకం జలగని, లాగుడే లేకుండా, అడుగుకి 30 సెంటీమీటర్ల పైన వదిలేస్తాను.